స్పోర్ట్స్ కారు ఇంజన్‌కు ఏది మేలు: కంపెనీ భాగాలా, ఫోర్జ్డ్ భాగాలా, వాడిన ఇంజనా?

ఇంజన్ విప్పి భాగాలన్నీ బల్ల మీద పరిచిన రోజే కొత్త పిస్టన్లకు ఆర్డర్ పెట్టేస్తే సగం తప్పు అక్కడే జరిగిపోతుంది. బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) ఎంత అరిగిందో, క్రాంక్ జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) ఎంత మిగిలిందో మైక్రోమీటర్‌తో చూసేదాకా ఏ సైజు కొనాలో ఎవరూ చెప్పలేరు. స్టాండర్డ్ సైజు పిస్టన్లు చేతికొచ్చాక బోర్‌ను 0.5 మిల్లీమీటర్లు పెద్దది చేయక తప్పదని తేలితే ఆ పెట్టె వెనక్కి పంపాల్సిందే.

కొలతలతో పాటు పాత భాగం ఎందుకు పోయిందో కూడా ముందే తేల్చుకోవాలి. నాకింగ్‌కు (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడానికి) రింగ్ ల్యాండ్ (రెండు రింగుల మధ్య గోడ) విరిగిన పిస్టన్‌కూ, ఆయిల్ అందక ఒరుసుకుపోయిన పిస్టన్‌కూ మందు ఒకటి కాదు. ఇంజెక్టర్ మూసుకుపోయి ఒక సిలిండర్‌కు పెట్రోలు తక్కువ అందుతుంటే, అక్కడ ఎంత ఖరీదైన ఫోర్జ్డ్ (పోత పోయకుండా, లోహాన్ని గట్టిగా నొక్కి చేసిన) పిస్టన్ పెట్టినా అదీ కరుగుతుంది. కాకపోతే కొంచెం ఆలస్యంగా.

ఎంచుకోవడానికి నాలుగు దారులున్నాయి. బండి కంపెనీ పెట్టెలో వచ్చే అసలు భాగం ఒకటి. మాలే, గ్లైకో, ఎల్రింగ్, విక్టర్ రైంజ్ లాంటి సరఫరాదారులు తమ సొంత పెట్టెలో అమ్మే భాగం రెండోది. ఎక్కువ పవర్ కోసం చేసిన ఫోర్జ్డ్ భాగం మూడోది. వాడిన ఇంజన్‌ను మొత్తంగా తెచ్చి దించడం నాలుగోది. ఇంజన్ మొత్తానికీ ఒకే దారి పట్టుకోవాల్సిన పని లేదు. గాస్కెట్లు, సీళ్లు, సెన్సార్ల విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు: కంపెనీ పెట్టె, లేదా అదే సరఫరాదారు పెట్టె. అసలు తేడా పిస్టన్లు, బేరింగులు, హెడ్ బిగింపు దగ్గర వస్తుంది.

పిస్టన్లు: పోతా, ఫోర్జ్డా?

మామూలు ఇంజన్లలో వచ్చేది పోత పిస్టన్. అందులో సిలికాన్ ఎక్కువగా కలిపిన రకాన్ని హైపర్‌యుటెక్టిక్ అంటారు. సిలికాన్ ఎక్కువైతే వేడికి సాగడం తగ్గుతుంది. అందుకే దాన్ని బోర్ గోడకు 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్ల సందుతోనే బిగించవచ్చు. చల్లటి ఇంజన్ కూడా నిశ్శబ్దంగా స్టార్ట్ అవుతుంది, ఆయిల్ తాగదు. దాని బలహీనత పెళుసుదనం. నాకింగ్ దెబ్బ పడితే పై రెండు రింగుల మధ్య ఉండే సన్నటి గోడ పలుగు రాయిలా పెళ్లున విరుగుతుంది.

ఫోర్జ్డ్ పిస్టన్లలో 4032, 2618 అనే రెండు అల్యూమినియం మిశ్రమాలున్నాయి. చాలామంది కొనేటప్పుడు ఈ అంకె అడగరు, అడగాలి. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది, తక్కువ సాగుతుంది. సందు 0.05 నుంచి 0.075 దాకా చాలు. 2618లో సిలికాన్ దాదాపు లేనట్టే. అది మెత్తగా ఉండి దెబ్బకు వంగుతుందే గాని విరగదు. టర్బో బూస్ట్ (ఇంజన్‌లోకి గాలిని తోసే ఒత్తిడి) బాగా పెంచినప్పుడు కావాల్సింది ఆ గుణమే. కానీ వేడికి బాగా సాగుతుంది కాబట్టి 0.09, 0.10 దాకా సందు వదలాలి. దాంతో చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ బోర్ గోడకు కొట్టుకుని టకటక చప్పుడు వస్తుంది, రింగ్ గాడులు కూడా త్వరగా అరుగుతాయి. ఈ అంకెలన్నీ అంచనాకే. పిస్టన్‌తో వచ్చే కాగితంలో రాసిన సందు, కొలవమన్న చోటు, రెండూ అక్షరాలా పాటించాలి. స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) మీద 10 మిల్లీమీటర్లు పైకో కిందికో కొలిస్తే అంకె మారిపోతుంది.

రోజూ నడిపే బండికి, టర్బో లేకపోతే, కంపెనీ పోత పిస్టనే మేలు. అప్పుడప్పుడు ట్రాక్ మీదికి తీసుకెళ్తే 4032. బూస్ట్ పెంచి, ఆ టకటకను భరించగలిగితేనే 2618.

బోర్ దేనితో చేశారన్నది మాత్రం ఈ లెక్కనంతా తారుమారు చేయగలదు. పోర్షె 944, 928 బ్లాకుల్లో (సిలిండర్లుండే ఇంజన్ మొండెం) ఇనుప లైనర్, అంటే బోర్ లోపలి తొడుగు, ఉండదు. బోర్ గోడ అల్యూసిల్ అనే సిలికాన్ నిండిన అల్యూమినియమే. పిస్టన్ స్కర్టుకు ఇనుప పూత ఉంటేనే అది ఆ గోడ మీద జారుతుంది. పూత లేని మామూలు ఫోర్జ్డ్ పిస్టన్ దించితే అల్యూమినియం మీద అల్యూమినియం ఒరుసుకుని గీతలు పడిపోతాయి. నికసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన) పూత బోర్లదీ వేరే కథ. వాటిని మామూలుగా బోర్ చేసి వదిలేయకూడదు. పెద్దది చేస్తే మళ్లీ పూత వేయించాలి. ఇలాంటి బ్లాక్ ఉన్నవాళ్లు పిస్టన్ కంటే ముందు ఆ పని చేయగల మెషిన్ షాపును వెతుక్కోవాలి.

రింగ్ కొసల మధ్య సందు కూడా పిస్టన్‌ను, వాడకాన్ని బట్టే ఉంటుంది. టర్బో లేని ఇంజన్‌కు పై రింగులో బోర్ వ్యాసానికి మిల్లీమీటరుకు 0.004 చొప్పున వదలడం వాడుక. అంటే 86 మిల్లీమీటర్ల బోర్‌కు 0.34 పైచిలుకు. టర్బోకు మిల్లీమీటరుకు 0.005 నుంచి 0.006 చొప్పున, అంటే 0.43 నుంచి 0.52. ఎక్కువైతే కాస్త గ్యాస్ జారుతుంది, అంతే. తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలి, తోసుకుని, ల్యాండును పగలగొడతాయి. అప్పుడు తప్పు పిస్టన్ మీదికి వెళుతుంది.

పాత, కొత్త పిస్టన్ల బరువులో తేడా ఉంటే వి-ఆకారపు ఇంజన్లలో క్రాంక్‌ను మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. వరస నాలుగు సిలిండర్లలో ఆ గోల అంతగా లేదు. కానీ నాలుగు పిస్టన్లూ తమలో తాము ఒకటి రెండు గ్రాముల లోపు తేడాతోనే ఉండాలి.

బేరింగులు: రెండు పొరలా, మూడు పొరలా?

రెండు పొరల బేరింగ్ అంటే ఉక్కు వీపు మీద అల్యూమినియం మిశ్రమం. గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది. అందులోని సిలికాన్ క్రాంక్ మీది సూక్ష్మమైన గరుకును తనే సానపట్టినట్టు తీసేస్తుంది. మూడు పొరలదానికి ఉక్కు, దాని మీద రాగి మిశ్రమం, ఆపైన వెంట్రుకలో సగం కూడా లేని మెత్తటి పూత ఉంటాయి. ఆయిల్‌లో చిన్న లోహపు నలుసు వస్తే ఆ పూత దాన్ని తనలోకి మింగేసి క్రాంక్‌ను కాపాడుతుంది. ఎక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ బరువు పడే చోట రాగి పొర నలిగిపోకుండా నిలబడుతుంది. వీధి బండికి రెండు పొరలవి, ట్రాక్ బండికి మూడు పొరలవి కొనడం సబబు. ట్రాక్ బండిలో వాటిని ఖర్చయిపోయే వస్తువుగా లెక్కేసుకుని మధ్యమధ్య విప్పి చూడాలి.

రకం కంటే సందే ముఖ్యం. జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు ఆయిల్ సందు అన్నది పాత లెక్క: 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.05. చాలా కంపెనీలు షెల్‌లను (బేరింగ్ సగాలను) కొన్ని మైక్రాన్ల తేడాతో రంగుల వారీగా ఇస్తాయి. క్రాంక్ మీదా బ్లాక్ మీదా కొట్టిన గుర్తులు చూసి ఏ రంగు వేయాలో తేల్చాలి. సొంత పెట్టెలో అమ్మే బేరింగులకు తరచుగా ఈ రంగులుండవు. స్టాండర్డ్, తర్వాత గ్రైండ్ చేసి సన్నబడ్డ జర్నల్‌కు 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజ్, కొన్నింటికి 0.025 అదనపు సందు ఇచ్చే ఎక్స్ షెల్. రంగుల లెక్క కుదిరితే కంపెనీ పెట్టె మేలు. సందు కావాలనే పెంచుకోవాలంటే ఎక్స్ షెల్.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 2007లో మొదలైన తరం బీఎండబ్ల్యూ ఎం3లోని ఎస్65 వీ8. అది 8,000 దాటి తిరిగే ఇంజన్, వాడేది 10డబ్ల్యూ-60 ఆయిల్. దాని కనెక్టింగ్ రాడ్ బేరింగులు త్వరగా అరుగుతాయని చాలామంది యజమానులకు తెలుసు. సందు బిగుతుగా ఉండటమే కారణమని చాలామంది ఇంజన్ బిల్డర్ల మాట. అలాంటి చోట అదే కొలతతో మళ్లీ అదే షెల్ వేయడం కంటే కొంచెం సందు ఎక్కువ ఇచ్చేది వేయడమే న్యాయం.

సందు చూడటానికి ప్లాస్టిగేజ్ వాడేటప్పుడు ఆ మైనపు దారాన్ని జర్నల్ మీద పొడవునా పెట్టి, క్యాప్‌ను పూర్తి టార్క్‌తో బిగించి, క్రాంక్‌ను వెంట్రుకవాసి కూడా తిప్పకుండా విప్పాలి. నలిగి చదునైన దారం వెడల్పును కవరు మీది గీతలతో పోల్చాలి. దారం ఒక కొస వెడల్పుగా, మరో కొస సన్నగా ఉంటే జర్నల్ కోసుగా అరిగిందని అర్థం. అప్పుడు ఏ షెల్ కొన్నా వృథా, క్రాంక్ గ్రైండింగ్‌కు వెళ్లాల్సిందే.

హెడ్ గాస్కెట్, బోల్టులు

పలుచటి ఉక్కు రేకుల పొరల గాస్కెట్, అంటే ఎంఎల్‌ఎస్, ఒత్తిడిని బాగా ఆపుతుంది. కానీ ఉపరితలం అద్దంలా ఉండాలి: గరుకు 1.3 మైక్రాన్లు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. పాత గాస్కెట్‌ను గీకడానికి గుండ్రటి ఇసుక డిస్క్ వాడితే అల్యూమినియంలో కంటికి కనిపించని గుంతలు పడతాయి, ఎంఎల్‌ఎస్ వాటిని నింపలేదు. బ్లాక్ విప్పి మెషినింగ్ చేయించే వీలు లేకపోతే మెత్తటి పొరల కాంపోజిట్ గాస్కెటే నమ్మకం. హెడ్‌ను 0.2 చెక్కించినట్టయితే గాస్కెట్ మందం అంత పెంచాలి. లేకుంటే కంప్రెషన్ పెరిగి మళ్లీ నాకింగే.

టార్క్ తర్వాత డిగ్రీల చొప్పున తిప్పి బిగించే కంపెనీ బోల్టులు ఒకసారి సాగితే పనికిరావు, కొత్తవి వేయాల్సిందే. మామూలు పవర్‌కు అవి చాలు. బూస్ట్ పెరిగితే స్టడ్లు (బ్లాక్‌లో నిలిచి, పై కొసకు నట్టు పట్టే మరల కడ్డీలు) మేలు. వాటిని బ్లాక్‌లోకి చేత్తోనే తిప్పి, నట్టుకు వాళ్లిచ్చిన గ్రీజు పూసి బిగించాలి. ఇంజన్ ఆయిల్ పూసి అదే టార్క్ ఇస్తే రాపిడి ఎక్కువై బిగింపు తగ్గుతుంది. స్టడ్లు లాగే తీరుకు బోర్ ఆకారం కూడా మారుతుంది కాబట్టి, హోనింగ్ (బోర్ గోడను సానపట్టడం) చేసేటప్పుడు టార్క్ ప్లేటును (హెడ్ బదులు బిగించే మందపాటి పలకను) అవే స్టడ్లతో బిగించమని మెషిన్ షాపుకు ముందే చెప్పాలి.

ఆయిల్ పంపు, వాడిన ఇంజన్

నిస్సాన్ ఆర్‌బీ26 ఇంజన్ తొలి క్రాంకుల్లో ఆయిల్ పంపును తిప్పే చదును భాగం పొట్టిగా ఉంటుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో లిమిటర్‌ను (వేగం హద్దు దాటనివ్వని కట్టడిని) తాకుతూ ఉంటే కంపనానికి పంపు గేర్లు పగిలిపోతాయి. అక్కడ క్రాంక్‌కు పొడవాటి కాలర్ వేయించి గట్టి గేర్ల పంపు పెట్టాలి. కాలర్ లేకుండా పంపు ఒక్కటే మారిస్తే డబ్బు నీళ్లపాలే.

వాడిన ఇంజన్ మాటకొస్తే, కంప్రెషన్ అంకె ఒక్కటే చూసి కొనకూడదు. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు, లీక్‌డౌన్ పరీక్షలో, అంటే సిలిండర్‌లోకి గాలి నింపి చూసినప్పుడు, గాలి పోయేది పది శాతం లోపు ఉండాలి. ఇరవై దాటితే మళ్లీ విప్పాల్సిందే, అలాంటప్పుడు మీ ఇంజనే బాగుచేయించుకోవడం మేలు. మాజ్డా ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 రోటరీలకు మామూలు కంప్రెషన్ గేజ్ సరిపోదు. రోటర్‌కు మూడు గదులు కాబట్టి మూడింటినీ విడివిడిగా చూపే పరికరం కావాలి.

బేరింగ్ చెడి లోహపు పొడి ఆయిల్‌లో తిరిగిన ఇంజన్ అయితే ఫోర్జ్డ్ పిస్టన్ల కంటే ముందు కొనాల్సింది కొత్త ఆయిల్ కూలర్. లోపలి సన్నటి దారుల్లో ఇరుక్కున్న పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్త బేరింగుల్లోకి వెళుతుంది. ఆయిల్ గొట్టాలను, బ్లాక్ గ్యాలరీ ప్లగ్గులను విప్పి బ్రష్‌తో శుభ్రం చేసి, పంపును నింపి, స్పార్క్ ప్లగ్గులు తీసేసి ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో తిప్పాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి.