శ్రీకాకుళంలో స్మార్ట్ కెమెరాలు కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను, ఇంకా చేతులు వణుకుతున్నాయి. జీటీ రోడ్డులో కెమెరాలు, స్మార్ట్ స్విచ్‌లు అమ్మే ఆ షాపు గురించే. పేరు రాయను. ఊళ్ళో హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో లైట్లు, కెమెరాలు అన్నీ ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుందామని తిరిగినవాళ్ళకి ఎవరో తెలుసు.

రెండు కెమెరాలు, నాలుగు స్విచ్ మాడ్యూళ్ళు, 11,400 రూపాయలు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ ముందే వేసుకున్నాను. నెట్ పోయినా అన్నీ నడవాలి, వీడియో ఇల్లు దాటకూడదు అని మూడుసార్లు చెప్పాను. 2018లో తిత్లీ తుపాను చూసినవాళ్ళం, నెట్‌ని నమ్ముకుని లైట్లు పెట్టుకోలేం కదా. "అంతా లోకలే సార్" అన్నాడు షాపాయన. బిగించడానికి వాళ్ళ కుర్రాడినే పంపాడు. నేను ఆఫీసులో ఉన్నాను. సెలవు పెట్టాల్సింది, పెట్టలేదు.

రౌటర్‌కి వచ్చే నెట్ వైరు తీసి చూస్తే ఫోన్‌లోంచి ఒక్క స్విచ్ కూడా పనిచెయ్యలేదు. కెమెరాల్లో ఆర్‌టీఎస్‌పీ లేదు, ఆన్‌విఫ్ లేదు, అంటే కంపెనీ యాప్‌తో పని లేకుండా వీడియోని నేరుగా నా హోమ్ అసిస్టెంట్‌కి తెచ్చుకునే దారి లేదు. నా ఫోన్‌లో కలపబోతే ఇది వేరే అకౌంట్‌లో ఉంది అని వచ్చింది. ఏదో సాఫ్ట్‌వేర్ గొడవ అనుకుని నాలుగు రోజులు వాటితోనే కుస్తీ పట్టాను.

ఇవాళ మధ్యాహ్నం వాపసు ఇద్దామని తీసుకెళ్ళాను. ఒక కెమెరా ఇంకా గోడ మీదే ఉంది. "పనిచెయ్యకపోవడం ఏటి సార్, ఇదిగో" అని కౌంటర్ మీదున్న తన ఫోన్ తీసి నాకు చూపించాడు. అందులో మా ఇల్లు. మా హాలు. అమ్మ తలంటుకుని, జుట్టు విరబోసుకుని, ఫ్యాన్ కింద పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన ఇద్దరు కస్టమర్లు తొంగి చూస్తున్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ కుర్రాడు కెమెరాని షాపు అకౌంట్‌లో పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులుగా మా ఇల్లు వాళ్ళ ఫోన్‌లో ఉంది. ఇదేంటని గట్టిగా అడిగితే "మీ ఇంట్లో దాచుకునేది ఏటుంటాది సార్?" అన్నాడు. సీలు విప్పిన సరుకు వాపసు లేదట.

అక్కడే నిలబడి నా ఎదురుగా అకౌంట్‌లోంచి రెండు కెమెరాలూ తీయించాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "వాళ్ళు ఎప్పుడెప్పుడు చూశారురా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కొనేవాళ్ళు కెమెరాకి ఆన్‌విఫ్ ఉందో లేదో డబ్బులు ఇవ్వకముందే చూడండి. ఆ వస్తువుకి హోమ్ అసిస్టెంట్ సైట్‌లో ఉన్న పేజీ చదవండి, లోకల్ పుష్ లేదా లోకల్ పోలింగ్ (ఇంట్లో నెట్‌వర్క్‌లోనే నడిచేవి) అని ఉంటేనే తీసుకోండి, క్లౌడ్ (నెట్ ద్వారా కంపెనీ సర్వర్ మీద నడిచేది) అని ఉంటే వద్దు. స్విచ్‌లకి జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతి మంచిది, దానికి నెట్‌తో పని లేదు. ఎవరు బిగించినా అకౌంట్ మాత్రం మీ ఫోన్‌లోంచి మీరే తెరవండి. ఇప్పటికే ఆ షాపు కుర్రాడు బిగించి ఉంటే, ఇది చదవగానే ముందు కెమెరా వైరు పీకేయండి.