భీతర్‌గావ్ ఇటుకల గుడి, వెయిటింగ్ ఛార్జి గొడవ

కాన్పూర్ వరకూ వెళ్లినవాళ్లు భీతర్‌గావ్ చూడకుండా రావొద్దు. కారు మాట్లాడుకునేటప్పుడు మాత్రం వెయిటింగ్ ఛార్జి సంగతి ముందే తేల్చుకోండి. మేం రానూపోనూ 2,400కి మాట్లాడుకున్నాం. గుడి దగ్గర గంట దాటిందో లేదో డ్రైవరు హారన్ మొదలుపెట్టాడు. "ఇటుకలే కదా, ఎంతసేపు చూస్తారు?" అని ఒకటే నస. తిరిగొచ్చాక వెయిటింగ్ అంటూ ఇంకో 900 అడిగాడు. మాట్లాడుకున్నప్పుడు ఆ ఊసే లేదు. నడిరోడ్డు మీద అరుస్తుంటే మా ఆవిడ భయపడింది. చివరికి 500 ఇచ్చి వదిలించుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అతను ఇటుకలే అన్నది గుప్తుల కాలపు గుడి, 5వ శతాబ్దానిది. గంగా మైదానంలో రాయి దొరకదు, దొరికేది ఒండ్రుమట్టి. దాంతోనే ఇటుకలు కాల్చి ఇంత ఎత్తు శిఖరం లేపారు, దాంతోనే దేవుళ్లనూ మలిచారు. గోడల మీద గూడు గూడుకీ ఒక టెర్రకోట (కాల్చిన మట్టి) ఫలకం. చాలావరకు అరిగిపోయాయి, కొన్ని గూళ్లు ఖాళీ. 1877లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ వచ్చినప్పుడు పడమటి గోడ మధ్యలో వరాహావతారం, ఉత్తరాన నాలుగు చేతుల దుర్గ, దక్షిణాన గణపతి ఉన్నట్టు రాసుకున్నాడు. మా మామగారు దారి పొడవునా మోకాళ్ల నొప్పి అని విసుక్కున్నారు. ఆ మూడూ ఎక్కడెక్కడ అని వెతకడం మొదలుపెట్టాక నొప్పి మాటే ఎత్తలేదు, గుడి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. లోపలి ద్వారం మీది కమాను కూడా తప్పక చూడండి. మన దేశంలో అంత పాత ఇటుక కమానులు అరుదు.

పై వరుస ఫలకాలు కంటికి ఆనవు, బైనాక్యులర్ పట్టుకెళ్లండి. ఇక్కడి శేషశాయి విష్ణువు ఫలకం కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉంది. గూటిలో ఉండాల్సింది అక్కడికి వెళ్లిందని నాకు బాధే, కానీ ఎండావానలకు మిగతావి ఎలా అయ్యాయో చూస్తే తప్పుపట్టలేను.

పక్కనే బెహ్టాలో జగన్నాథుడి గుడి ఉంది, వానలకు ముందు కప్పు నుంచి చుక్కలు రాలతాయని చెబుతారు. హోటల్, భోజనం మామూలే. తిరుగు ప్రయాణం ఢిల్లీ మీదుగా అయితే నేషనల్ మ్యూజియంలో అహిచ్ఛత్ర అనే ప్రాచీన నగరం నుంచి తెచ్చిన గంగా యమునల్ని చూడండి, దాదాపు మనిషంత ఎత్తు మట్టి విగ్రహాలు. అక్కడ హారన్ కొట్టేవాడు ఉండడు.