క్యాసెట్ డెక్కులో ఎంపీత్రీ పాటలు: ఐదేళ్ల వాడకం తర్వాత అడాప్టర్ మీద సమీక్ష

బండి 2003 మోడల్ మారుతీ జెన్. డ్యాష్‌బోర్డులో టేపు ఒక వైపు అయిపోగానే తనంతట తానే రెండో వైపు వాయించే ఆటో రివర్స్ క్యాసెట్ డెక్కు. ఆక్స్ (ప్లేయర్ వైరు నేరుగా గుచ్చే రంధ్రం) లేదు, యూఎస్‌బీ లేదు. ప్లేయర్ శాన్‌డిస్క్ సాన్సా క్లిప్ ప్లస్, అందులో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ రాక్‌బాక్స్ ఎక్కించి ఉంది. రెండింటినీ కలిపేది 3.5 మిల్లీమీటర్ల పిన్నుతో వచ్చే మామూలు క్యాసెట్ అడాప్టర్. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మధ్య ఐదేళ్లకు పైగా వాడాక తీర్పు ఇది: డెక్కు మోటారు తిరుగుతున్నంత కాలం దాన్ని పీకేయక్కర్లేదు. అడాప్టర్ దూర్చగానే పాట మూగగా, చిన్నగా వచ్చిందని చాలామంది దాన్ని మూల పడేస్తారు. సగం తప్పు మురికి పట్టిన హెడ్డుది (డెక్కులో టేపుని చదివే భాగం), మిగతా సగం వాల్యూముది.

అడాప్టర్లో టేపు ఉండదు. రీలు ఉండాల్సిన చోట నాలుగైదు పళ్ల చక్రాలు, ముందు భాగంలో ఒక చిన్న హెడ్డు ఉంటాయి. ప్లేయర్ నుంచి వచ్చిన సిగ్నల్‌ని ఆ హెడ్డు అయస్కాంత క్షేత్రంగా మారుస్తుంది. ఎదురుగా ఉన్న డెక్కు హెడ్డు దాన్ని టేపే అనుకుని చదువుతుంది. రెండు హెడ్లూ ఎంత దగ్గరగా, ఎంత తిన్నగా ఆనుకుంటే ధ్వని అంత బాగుంటుంది.

అందుకే మొదటి పని హెడ్డు శుభ్రం చేయడం. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావకం రెండు చుక్కలు దూది పుల్లకి అద్ది, హెడ్డునీ పక్కన ఉన్న రబ్బరు రోలర్నీ తుడవాలి. పుల్లకి గోధుమరంగు అంటడం ఆగేదాకా పుల్లలు మార్చాలి. మందుల షాపు స్పిరిట్ వద్దు, కొన్నింటిలో నూనె కలిపి ఉంటుంది, అది పొరలా మిగిలిపోతుంది. పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు అడాప్టర్ పెట్టాలి.

డెక్కు మీద డాల్బీ బటన్ ఉంటే ఆపేయాలి. డాల్బీ టేపు రొద తగ్గించడానికి పెట్టింది. ఇక్కడ టేపే లేదు కాబట్టి అది పాటలోని తాళాల మెరుపునే తినేస్తుంది. ఎంటీఎల్ అని రాసి ఉన్న మెటల్ టేపు బటన్‌దీ అదే దారి, నొక్కి ఉంటే పైస్వరాలు ఇంకా తగ్గుతాయి. ఈ రెండు బటన్లతోనే కొన్ని ఫిర్యాదులు పోతాయి.

వాల్యూముకి ఒక పాత కిటుకు ఉంది. కంపెనీ క్యాసెట్ ఒకటి డెక్కులో వేసి, వినడానికి హాయిగా ఉండే చోట నాబ్ ఆపండి. ఇక నాబ్ ముట్టుకోకుండా అడాప్టర్ పెట్టి, పాట అంతే గట్టిగా వినిపించేదాకా ప్లేయర్ వాల్యూము పెంచండి. క్లిప్ ప్లస్‌లో అది మైనస్ 8 డెసిబెల్స్ దగ్గర కుదిరింది. అంతకన్నా తక్కువ పెట్టి డెక్కు నాబ్ తిప్పితే డెక్కు సొంత రొద కూడా పెరుగుతుంది. ప్లేయర్ని చివరిదాకా పెంచితే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా పాట చిరుగుతుంది. ప్లేయర్లోని బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేసి, కావలసింది డెక్కు మీదే సర్దుకోవాలి. పాత పాటలు చిన్నగా, కొత్తవి చెవులు బద్దలయ్యేలా ఉంటే రాక్‌బాక్స్‌లో పాటలన్నిటినీ ఒకే గట్టిదనానికి తెచ్చే రీప్లేగెయిన్ పెట్టుకుంటే సరి.

ఇప్పుడు డెక్కు మాటిమాటికీ అటూ ఇటూ తిరగబడే గొడవ. ఆటో రివర్స్ డెక్కు రీలు తిరుగుతోందా లేదా అని గమనిస్తూ ఉంటుంది. రీలు ఆగితే టేపు అయిపోయిందనుకుని దిశ మారుస్తుంది. అడాప్టర్లో పళ్ల చక్రాలు పెట్టింది దాన్ని మభ్యపెట్టడానికే. చక్రం అరిగినా, దుమ్ము పట్టి బిగుసుకున్నా డెక్కు కొన్ని సెకన్లకోసారి టక్కుమంటుంది. కొన్ని అడాప్టర్లలో దిశ మారితే ధ్వని కూడా మూగబోతుంది. మరలు విప్పి, దుమ్ము దులిపి, ఇరుసులకి సిలికాన్ గ్రీజు ఆవగింజంత రాస్తే చాలు. ఎక్కువైతే హెడ్డుకి అంటుకుంటుంది. కరకర చప్పుడు భరించలేక చక్రాలు పీకేసేవాళ్లున్నారు. ఆటో రివర్స్ లేని, రీలుని గమనించని సాదా డెక్కుల్లో అది నడుస్తుంది. ఆటో రివర్స్ డెక్కులో పీకితే క్యాసెట్‌ని బయటికి ఉమ్మేస్తుంది.

ఆక్స్ వైరు కన్నా అడాప్టర్ గెలిచే చోటు ఒకటుంది. ఆక్స్ ఉన్న బండిలో ప్లేయర్ని లైటర్ సాకెట్లో ఛార్జింగ్ పెట్టి, అదే సమయంలో ఆక్స్‌తో వింటే కూత వస్తుంది. ఏడు రోడ్ల జంక్షన్లో బండి ఆగినప్పుడు సన్నగా ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజనుతో పాటు పెరుగుతుంది. ఛార్జరు ద్వారా ఒక ఎర్తు, ఆక్స్ వైరు ద్వారా ఇంకో ఎర్తు కలవడం వల్ల ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) అలజడి పాటలోకి దూరుతుంది. ఛార్జరు పీకగానే కూత ఆగితే రోగం అదే. దానికి ఆ రెండు ఎర్తుల లింకు తెంచే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ కొనాలి, చవక రకాలు బాస్ తగ్గించేస్తాయి. అడాప్టర్లో ప్లేయర్‌కీ డెక్కుకీ తీగ కలవదు, అయస్కాంతమే వారధి. అయినా గీ మని వినిపిస్తే ఛార్జరు నాసిరకం, దాన్నే మార్చాలి.

ప్లేయర్ పాటని బండి రేడియోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కూడా కొన్నాళ్లు పక్కనే నడిచింది. పలాస వైపు పర్వాలేదు. విశాఖ వైపు ఆనందపురం దాటాక, అంతదాకా ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ మీద ఎవరో మాట్లాడడం మొదలుపెడతారు. బండి నడుపుతూ ట్యూనింగ్ మార్చడం ప్రమాదం. యాంటెన్నా లోపలికి దించితే బయటి స్టేషన్లు బలహీనపడి కొంత మెరుగవుతుంది. క్యాసెట్ డెక్కు లేని, సీడీ మాత్రమే ఉన్న బండికి అయితే తప్పని ముచ్చట.

రాక్‌బాక్స్‌లో కార్ అడాప్టర్ మోడ్ తప్పకుండా ఆన్ చేయండి. తాళం తీసి సాకెట్‌కి కరెంటు ఆగగానే పాట ఆగుతుంది, మళ్లీ స్టార్ట్ చేస్తే అక్కడి నుంచే మొదలవుతుంది. తాళంతో సంబంధం లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే సాకెట్ అయితే ఇది పనిచేయదు.

ఎండాకాలం అడాప్టర్ని డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే దాని ప్లాస్టిక్ డొల్ల వంగి, డెక్కులో ఇరుక్కుంటుంది. లిథియం బ్యాటరీ ఉన్న ప్లేయర్ని మూసిన బండిలో అస్సలు వదలకూడదు. ఐపాడ్‌ని పక్కన పెట్టి ఉంచడానికే యాపిల్ చెప్పిన గరిష్ఠం 45 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం బండి లోపల అంతకు మించే ఉంటుంది.

చివరికి పోయేది వైరే, అదీ డొల్లలోంచి బయటికొచ్చే మలుపు దగ్గర. ఒక స్పీకర్ వైపు పాట వచ్చిపోతుంటే అదే. తెగిన చోట కత్తిరించి మళ్లీ అతికేటప్పుడు, వెంట్రుకల్లాంటి ఆ తీగల మీద రంగు పూత ఉంటుందని మరవద్దు. సోల్డరింగ్ ఐరన్ మొనతో ముందు దాన్ని కాల్చాలి, లేకపోతే సీసం పట్టదు. సాధారణంగా ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగిరంగు ఎర్తు. అతికాక వైరుని డొల్ల లోపల ఒక ముడి వేసి మూస్తే, లాగినా అతుకు మీద బరువు పడదు.