రోజుకో రేవు చూడాలంటే చిన్న ఓడా, పెద్ద ఓడా?

క్రూయిజ్‌కి వెళ్దామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. రోజుకో ఊళ్లో దిగే ప్రయాణానికి రెండొందల మంది పట్టే చిన్న ఓడ మంచిదా, నాలుగైదు వేల మంది పట్టే పెద్ద ఓడ మంచిదా? రెండూ ఎక్కి చూశాను. ఈ ఏడాది ఖర్చు ఎక్కువైనా చిన్నదానికే టికెట్లు తీసుకున్నాను.

చాలామంది ముందు రేవులు లెక్కపెడతారు. వారంలో ఆరు ఊళ్లని రాసి ఉంటే రెండు ఓడలూ ఒకటే అనిపిస్తాయి. నేను మాత్రం ఒక్కో ఊళ్లో మనకు నిజంగా దొరికే గంటలు లెక్కపెడతాను.

పెద్ద ఓడలో గ్రీస్ దీవి శాంటోరిని వెళ్లినప్పుడు షెడ్యూల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 అని ఉంది. అక్కడ క్రూయిజ్ ఓడలు ఒడ్డుకు ఆనవు, చిన్న పడవల్లో దించుతారు. ముందు పడవ కోసం నిరీక్షణ. ఒడ్డు చేరాక కొండమీది ఫిరా ఊరికి వెళ్లడానికి కేబుల్ కారు దగ్గర ఇంకో క్యూ. క్యూ వద్దనుకుంటే దాదాపు ఆరొందల మెట్లు ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడూ ఇదే వరస, పైగా ఓడ కదలడానికి అరగంట ముందే లోపల ఉండాలి. తొమ్మిది గంటల్లో మేము ఊళ్లో తిరిగింది నాలుగే. సిబ్బందిని తప్పుపట్టను, అంతమందిని దించాలంటే అంత సమయం పడుతుంది. రెండొందల మందినైతే మూడు నాలుగు ట్రిప్పుల్లో దించేస్తారు.

అయితే మీ ఓడ చిన్నదైనా, అదే రోజు పక్కన మూడు పెద్ద ఓడలు నిలబడితే కేబుల్ కారు క్యూ మీకూ తప్పదు. అందుకే టికెట్ కొనేముందు ఆ రోజు ఆ రేవుకి ఇంకా ఏయే ఓడలు వస్తున్నాయో చూసుకోండి. చాలా రేవుల క్యాలెండర్లు ఆన్‌లైన్‌లో ఉంటాయి. పెద్దవి వెళ్లిపోయాక సాయంత్రం చేరి, రాత్రి దాకా ఆగే చిన్న ఓడ దొరికితే వదలకండి.

ఓడ ఎక్కడ ఆగుతుందన్నది కూడా గంటల లెక్కలోకే వస్తుంది. 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన పెద్ద ఓడల్ని వెనిస్ నడిబొడ్డున ఉన్న జూడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. క్రొయేషియాలోని హ్వార్, కోర్చులా లాంటి చోట్ల చిన్న ఓడలు పాత ఊరి పక్కనే కట్టేస్తారు, దిగి నడిస్తే చాలు. గ్రీస్‌లో కొరింత్ కాలువ అడుగున 21 మీటర్ల వెడల్పే ఉంటుంది. రెండు వైపులా నిటారుగా లేచిన రాతి గోడల మధ్య నుంచి వెళ్లడం చిన్న ఓడలకే కుదురుతుంది. రోమ్ విషయంలో మాత్రం తేడా ఏమీ లేదు. ఎందులో వెళ్లినా చివిటావెక్కియా రేవులో దిగి డెబ్బై కిలోమీటర్లకు పైగా వెళ్లాల్సిందే.

చిన్న ఓడకు లోపాలు లేవని కాదు. సముద్రం కాస్త పోటెత్తితే ఊగుడు బాగా తెలుస్తుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మధ్య భాగంలో, కింది అంతస్తులో క్యాబిన్ అడగండి. రోజూ దిగి తిరిగితే నాలుగో రోజుకి కాళ్లు మొరాయిస్తాయి. అలాంటప్పుడు పెద్ద ఓడలో ఉండిపోవడం హాయి. అందరూ ఊళ్లోకి పోతారు కాబట్టి స్విమ్మింగ్ పూల్ ఖాళీగా ఉంటుంది. చిన్న ఓడలో డెక్ మీద కూర్చుని పుస్తకం చదువుకోవడం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు నేనైతే పెద్దదే చెప్తాను.

డాన్యూబ్ లాంటి నదుల్లో తిరిగే ఓడలూ ఉన్నాయి. ఊగుడు ఉండదు, సముద్రమూ ఉండదు. ఫెర్రీలు మారుతూ సొంతంగా తిరగొచ్చు గానీ రోజూ పెట్టెలు మోసుకోవాలి.

మేము ఈసారి తీసుకున్నదాంట్లో రేవులు ఐదే. కానీ కోర్చులాలో మా ఓడ రాత్రి 11 దాకా ఆగుతుంది.