సంపు కాంక్రీటుకు మెటాకయోలినా, సుర్ఖీయా?

సిమెంటు గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది. నీరు దాన్ని కరిగించుకుపోతుంటే సంపు గోడ గుల్లబారుతుంది. కాల్చిన మట్టిలోని సిలికా, అల్యూమినా ఆ సున్నాన్నే పట్టి సందులు పూడ్చే జిగురుగా మారుస్తాయి. మెటాకయోలిన్, సుర్ఖీ రెండూ కాల్చిన మట్టి పొడులే, రెండూ చేసే పని ఇదే.

సుర్ఖీ అంటే ఇటుక పొడి. హైదరాబాద్ పాతబస్తీ కట్టడాల్లో సున్నపు పూత మరమ్మతుకు అది చక్కగా సరిపోతుంది. కాంక్రీటులో మాత్రం నమ్మలేం: ఇటుక ఎక్కువ కాలితే చురుకు పోతుంది, పొడి ముతకైతే ఇసుకలా మిగిలిపోతుంది.

అందుకే సంపుకైతే మెటాకయోలినే మేలు. తెల్ల బంకమట్టిని సుమారు 650–800 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చి తీస్తారు. భారత ప్రమాణం ఐఎస్ 16354 ప్రకారం ఉన్నదే కొనండి. 45 కిలోల ఓపీసీకి (ఏమీ కలపని మామూలు సిమెంటు) 5 కిలోలు వేసి, రంగు ఒక్కటయ్యేదాకా పొడిగా కలపాలి. మరీ సన్నటి పొడి కాబట్టి మాలు బిగుసుకుంటుంది. మేస్త్రీ వెంటనే ఇంకో మగ్గు నీళ్లు పోస్తాడు, పని చెడేది అక్కడే! నీళ్లకు బదులు, మాలును జారుగా చేసే సూపర్‌ప్లాస్టిసైజర్ మందు వేయించండి. పీపీసీ రకం సిమెంటులో ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ముందే ఉంటుంది, అందులో మళ్లీ కలపొద్దు. క్యూరింగ్ కనీసం 10 రోజులు, మన ఎండాకాలంలో 14. గోడకు కప్పిన గోనెపట్టాలు మధ్యాహ్నం కూడా ఆరకూడదు.