షెడ్యూల్ సి చదవడం వచ్చాకే హోల్‌సేలింగ్ అర్థమైంది

డల్లాస్ చుట్టుపక్కల ఇళ్ల హోల్‌సేలింగ్ మొదలుపెట్టి నాకు 31 నెలలైంది. ఇల్లమ్మేవాళ్లతో కాంట్రాక్టు రాసుకోవడం, దాన్ని కొనేవాళ్లకి అసైన్ చేసి, అంటే బదలాయించి, మధ్యలో ఫీజు తీసుకోవడం, రిపేర్ల లెక్క, ఇవన్నీ ఎవర్నడిగినా చెప్తారు కాబట్టి వదిలేస్తున్నాను. నాకు ముందుగా ఎవరూ చెప్పని ఒక కాగితం ఉంది, దాని గురించే రాయాలని కూర్చున్నాను. ఇంటి హక్కులు పరిశీలించి వాటికి ఇన్సూరెన్స్ ఇచ్చే టైటిల్ కంపెనీ ముందుగా పంపే టైటిల్ కమిట్‌మెంట్ అనే కాగితాల కట్టలో షెడ్యూల్ సి అని ఉంటుంది, అది.

కాంట్రాక్టు వాళ్ల చేతికి వెళ్లాక ఆ ఇంటి పాత దస్తావేజులన్నీ తవ్వి ఒక కట్ట పంపుతారు. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో షెడ్యూల్ ఎ లో, ఇన్సూరెన్స్ వేటికి వర్తించదో బి లో ఉంటాయి. అమ్మకం జరగాలంటే ముందు ఏ చిక్కులు తీరాలో సి లో వరుసగా రాస్తారు. మొదటి నాలుగు డీల్స్‌లో నేను ఆ పేజీ తెరిచి కూడా చూడలేదు. అన్నీ సాఫీగా అయిపోయాయి, అదే నా దురదృష్టం.

ఐదోది గార్లండ్‌లో ఒక పాత ఇటుక ఇల్లు. నేను చేత్తో రాసి పంపిన ఉత్తరం చూసి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. డెబ్భై దాటాయి, భర్త పోయి ఆరేళ్లు, పైకప్పు కారుతోంది, ఆమె దగ్గర బాగుచేయించే డబ్బు లేదు. పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి, ఆయన పోయారు కాబట్టి ఇల్లు ఇక ఆమెదే అని ఆమె అనుకున్నారు, నేనూ అనుకున్నాను. 1,68,000 డాలర్లకి కాంట్రాక్టు రాసుకున్నాం, 100 డాలర్లిచ్చి పది రోజుల ఆప్షన్ గడువు (ఈలోపు ఊరికే తప్పుకోవచ్చు) తీసుకున్నాను, వారంలో కొనేవాళ్లు దొరికారు, నా ఫీజు 11,000. ఆ రాత్రి మా ఆయనతో ఈ డబ్బుతో పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్దామని కూడా మాట్లాడేశాను.

పద్దెనిమిదో రోజు కమిట్‌మెంట్ వచ్చింది. టైటిల్ కంపెనీలో అమ్మకం వ్యవహారం చూసే ఎస్క్రో ఆఫీసర్ ఫోన్ చేసి, సి లో వారసుల గురించి ఉన్న లైను చూశారా అని అడిగింది. చూడలేదన్నాను. అప్పుడు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పింది. ఆయన విల్లు రాయకుండా పోయారు. ఆయనకి మొదటి పెళ్లి వల్ల ఒక కూతురు ఉంది. టెక్సస్‌లో పెళ్లయ్యాక కొన్న ఇల్లు ఇద్దరిదీ. పిల్లలందరూ ఈ భార్యకే పుట్టి ఉంటే ఆయన సగం కూడా ఆమెకే వచ్చేది. వేరే పెళ్లి సంతానం ఉంటే ఆ సగం ఆయన పిల్లలందరికీ పోతుంది. ఇక్కడ ఇద్దరు కొడుకులు, ఆ కూతురు, అంటే తలా ఆరో వంతు. పెద్దావిడకి బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కుంది, కానీ ఇల్లు మొత్తం అమ్మాలంటే అందరి సంతకాలూ కావాలి.

ఆ మాట ఆమెకి చెప్పడానికి నేనే వెళ్లాను. వంటగదిలో కూర్చుని చెప్తుంటే ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఇంటి అప్పు తీర్చింది నా జీతంతో" అన్నారు. ఆ కూతురితో మాటల్లేక పదిహేనేళ్లు. మీకిష్టం లేకపోతే ఈ కాంట్రాక్టు రద్దు చేసుకుందాం, నేనేమీ అడగను, ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి అని చెప్పి వచ్చేశాను. వారం తర్వాత, అమ్ముతాను అని ఆమే ఫోన్ చేశారు. పెద్ద కొడుకు తిరిగి తిరిగి ఆ అమ్మాయి నంబరు పట్టుకున్నాడు, ఓక్లహోమాలో ఉంటోంది. ఇక కావలసింది అఫిడవిట్ ఆఫ్ ఎయిర్‌షిప్, అంటే మన వైపు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లాంటిదనుకోండి. దానికి ఆ ఇంట్లో ఏ లాభమూ లేని, ఆయన్ని బాగా ఎరిగిన ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు చర్చి స్నేహితురాలు, ఇంకొకరు పక్కింటాయన. ఇదంతా అయ్యేలోపు నా మొదటి కొనుగోలుదారు వెళ్లిపోయాడు. రెండో అతనికి ఇస్తే నాకు మిగిలింది 4,500. మొత్తం 74 రోజులు పట్టింది. కొడుకులిద్దరూ తమ వాటాలు తల్లికే వదిలేశారు. కూతురు తన వాటా పూర్తిగా తీసుకుంది, అది ఆమె హక్కు. క్లోజింగ్ రోజు, అంటే అమ్మకం పూర్తయిన రోజు, పెద్దావిడ నాతో ఎక్కువ మాట్లాడలేదు.

అయినా ఆ పేజీ అంటే నాకు ప్రాణం ఎందుకో చెప్తాను. మా నాన్న నల్గొండ దగ్గర ప్లాటు కొన్నప్పుడు ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించారు, అన్నీ క్లియర్ అన్నారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, వారసులు కనిపించరు. అమ్మినాయన చెల్లెలు వచ్చి నా వాటా ఏదని కేసు వేసింది, నాన్న పదకొండేళ్లు కోర్టుకి తిరిగారు. గార్లండ్‌లో ఆ ఒక్క లైను లేకపోతే అలాంటి గొడవని నేనే ఒక కుటుంబం నెత్తిన పెట్టి, ఫీజు కూడా తీసుకుని వచ్చేదాన్ని.

అలాగని టైటిల్ కంపెనీయే అన్నీ చూసుకుంటుంది అని మొదట్లో స్నేహితురాళ్లందరికీ చెప్పిన మాట ఇప్పుడు చెప్పను. మామూలు టెక్సస్ కాంట్రాక్టులో కమిట్‌మెంట్ పంపడానికి వాళ్లకి 20 రోజుల గడువుంటుంది, నా ఆప్షన్ పది రోజుల్లో అయిపోతుంది. చిక్కు కనిపించేసరికి ఊరికే తప్పుకునే దారి మూసుకుపోయి ఉంటుంది. పైగా వాళ్లు చూసేది వాళ్లిచ్చే ఇన్సూరెన్స్ కోసం, మన లాయర్లు కారు. అసైన్‌మెంట్ అనగానే మేం చేయం అన్న ఆఫీసులు నాకు రెండు తగిలాయి. టైటిల్ ప్రీమియం ఇక్కడ రాష్ట్రమే నిర్ణయిస్తుంది, ఎక్కడికెళ్లినా అదే రేటు, కాబట్టి ధర అడుగుతూ తిరగడం వృథా. ఫోన్ ఎత్తి విడమరిచి చెప్పే ఎస్క్రో ఆఫీసర్ దొరికితే ఆవిడని వదలకండి.  

ఇప్పుడు కాంట్రాక్టు ముందే అడుగుతున్నాను: ఎవరైనా పోయారా, విల్లు ఉందా, మునుపటి పెళ్లి పిల్లలున్నారా అని. భర్త పోయినావిడని ఇవి అడగడం ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. నేను అమ్మేది ఇల్లు కాదు, కాంట్రాక్టులో నా హక్కు అని కూడా మొదటి రోజే కాగితం మీద రాసిస్తాను. టెక్సస్‌లో 2017 నుంచి లైసెన్స్ లేకుండా ఇది చేసేవాళ్లు ఆ మాట చెప్పాల్సిందే. అది చదివి ఇద్దరు వద్దన్నారు. వద్దనే హక్కు వాళ్లకుంది.

మీరు చేయొచ్చా అంటే నా పరిస్థితి చూసి చెప్పగలను అంతే. ఇంటి అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ మా ఆయన జీతంలో నడుస్తాయి. 31 నెలల్లో తొమ్మిది డీల్స్ అయ్యాయి, ఒకసారి వరుసగా ఐదు నెలలు పైసా రాలేదు. నాకు హెచ్4 ఈఏడీ, అంటే హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి, ఉంది కాబట్టి చేయగలుగుతున్నాను, దాని రెన్యువల్ రాక మూడు నెలలు పని ఆపేశాను కూడా. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి, దయచేసి.

ప్రస్తుతం మెస్కీట్‌లో ఒక ఇల్లు కాంట్రాక్టులో ఉంది. షెడ్యూల్ సి ఇంకా రాలేదు. ఆప్షన్ మాత్రం ఈసారి 21 రోజులు అడిగి తీసుకున్నాను.