మార్క్స్‌విల్: చూడాల్సిన మ్యూజియం, దిగకూడని మోటెల్

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్ వెళ్ళొచ్చే తెలుగువాళ్ళు బోలెడుమంది. దారి మళ్ళి మార్క్స్‌విల్ కూడా చూసొచ్చామన్న మాట మాత్రం నేను ఎవరి నోటా వినలేదు. లూసియానా మధ్యలో, అవొయెల్స్ పారిష్‌లో (అక్కడ కౌంటీని అలా అంటారు) ఉన్న చిన్న ఊరది. ట్యూనికా-బిలాక్సీ అనే అమెరికన్ ఆదివాసీ తెగవాళ్ళ సొంత గడ్డ. తప్పకుండా వెళ్ళండి. కానీ గది తీసుకునే ముందు మా అనుభవం చదవండి.

మేం దిగింది హైవే పక్క మోటెల్. ఆన్‌లైన్‌లో 79 డాలర్లన్నారు. కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి టాక్సు, సర్వీస్ ఫీజు, ఇంకేదో కలిపి 118 చేశారు. ఆపైన 50 డాలర్ల డిపాజిట్. నాన్-స్మోకింగ్ గది అడిగితే దుప్పట్లకు సైతం సిగరెట్ కంపు కొట్టే గది ఇచ్చారు. వేరే గదులు లేవట. మామగారు శాకాహారి కావడంతో ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, ఆవకాయతో ఆ పూట గడిపాం. తెల్లారి లెక్క చూసుకుంటుంటే, గదిలో మసాలా వాసన వస్తోందని డిపాజిట్ ఉంచేసుకున్నారు! మామగారు తెనాలిలో ప్లీడరు చేసి రిటైరైన మనిషి. "ఆ షరతు రసీదులో ఎక్కడుందో చూపించమనండి అల్లుడుగారూ" అని పట్టుబట్టారు. ఎంత వాదించినా ఒక్క డాలరూ రాలలేదు. మా ఆవిడ విసిగిపోయి కారెక్కి కూర్చుంది.

ఆ చిరాకుతోనే తెగ సాంస్కృతిక కేంద్రంలో ఉన్న మ్యూజియంలో అడుగుపెట్టాం. గంటలో వచ్చేద్దామనుకున్న మామగారు మధ్యాహ్నం దాకా కదల్లేదు. అద్దాల వెనక ఫ్రెంచివాళ్ళ ఇత్తడి గిన్నెలు, గాజు పూసలు, తుపాకీ భాగాలు. ఒక గిన్నె అంచంతా చిలుము తినేసి చిల్లులు పడింది. అయినా పట్టుకునే కమ్మీ ఇంకా నిలిచే ఉంది. ఇంత సరుకు వీళ్ళకెలా చేరిందంటే, ట్యూనికాలు ఉప్పు వ్యాపారంలో ఆరితేరినవాళ్ళు. 1541లో స్పెయిన్ నుంచి వచ్చిన డి సోటో దండు ఎదురుపడింది వీళ్ళ పూర్వీకులకే. తర్వాత మిసిసిపీలోని యాజూ నది నుంచి 1706లో, లూసియానాలో ఇప్పుడు అంగోలా జైలున్న ప్రాంతానికి, అక్కణ్ణుంచి ట్రూడో అనే చోటికి, చివరికి మార్క్స్‌విల్‌కి చేరారు.

ఈ వస్తువులన్నీ 1731-1764 మధ్య ట్రూడోలో చనిపోయినవాళ్ళ సమాధుల్లో పెట్టినవి. 1960ల చివర్లో అంగోలా జైలు గార్డు ఒకాయన సుమారు 150 సమాధులు తవ్వి, రెండు రెండున్నర టన్నుల వస్తువులు బయటికి తీశాడు. వదిలేసిన సొమ్ము కనుక తనదేనని కోర్టుకెక్కాడు. ఇది వినగానే మామగారి మొహం వెలిగిపోయింది. "చచ్చినవాళ్ళ పక్కన పెట్టింది వదిలేసిన సొమ్మెలా అవుతుందండీ?" అన్నారు. 1986లో లూసియానా అప్పీలు కోర్టు చెప్పిందీ అదే. వస్తువులు తెగకే చెందుతాయంది. తవ్వినందుకు కూలి ఇమ్మన్న గార్డు కోరికా కొట్టేసింది. అస్థికలు, సమాధి వస్తువులు తెగలకు తిరిగి ఇవ్వాలని 1990లో వచ్చిన ఫెడరల్ చట్టానికి బలమిచ్చిన తీర్పుల్లో ఇదొకటి. పాడైపోయిన వస్తువుల్ని బాగుచేయడం కూడా తెగవాళ్ళే నేర్చుకుని చేశారు.

ఇదే తెగ పెద్ద మెలకాన్‌ను 1841లో భూమి తగాదాలో కాల్చి చంపితే కేసే పెట్టలేదు. ఫెడరల్ గుర్తింపు 1981లో గానీ రాలేదు. మెరీ హాస్ అనే భాషావేత్త 1930ల్లో, చివరిగా ట్యూనికా భాష ధారాళంగా మాట్లాడిన సెసొస్ట్రీ యూచిగాంట్ దగ్గర కూర్చుని రాసుకున్న నోట్సుతో, తులేన్ యూనివర్సిటీ సాయం తీసుకుని, ఇప్పుడు పిల్లలకు మళ్ళీ ఆ భాష నేర్పుతున్నారు.

మ్యూజియం వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రి ఉండాలంటే తెగ నడిపే పారగాన్ కాసినో రిసార్ట్‌లోనే ఉండండి. హాల్లో మడుగు కట్టి బతికున్న మొసళ్ళను పెట్టారు, పిల్లలకు సరదాగా ఉంటుంది. కాసినో ఇష్టం లేకపోతే అటు పోనక్కర్లేదు. మీరిచ్చే అద్దె మాత్రం ఆ తెగకే చేరుతుంది.